గురుకులమా, నవోదయా, కేంద్రీయ విద్యాలయమా: హైదరాబాద్ తల్లిదండ్రులు ముందుగా చూసుకోవాల్సినవి

నాలుగో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో డిసెంబరు వచ్చేసరికి ఒకే చర్చ. గురుకులం పరీక్ష రాయిద్దామా, ఏడాది ఆగి నవోదయకు రాయిద్దామా, పక్కింటివాళ్లలా సైనిక్ స్కూల్ కోచింగ్‌లో చేర్పిద్దామా? ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పే నన్ను తల్లిదండ్రులు ప్రతి చలికాలమూ ఈ ప్రశ్నే అడుగుతారు. చాలామంది మొదట అడిగేది "వీటిలో ఏది మంచిది?" అని. నేను మాత్రం ముందు వాళ్ల చిరునామా, ఆదాయ ధ్రువపత్రం, పాప లేదా బాబు ఇప్పుడు ఏ తరగతిలో ఉన్నారన్నది అడుగుతాను. ఎందుకంటే మంచి బడులన్నీ మన పిల్లలందరికీ అందుబాటులో ఉండవు. జిల్లా సరిహద్దు, పుట్టిన తేదీ, తండ్రి ఉద్యోగం, ఒక్కోసారి రెండేళ్ల క్రితం మారిన ఇల్లు, ఇవే సగం నిర్ణయం చేసేస్తాయి. మిగిలిన సగం మన చేతిలో ఉంది. అది బిడ్డ మార్కుల కంటే స్వభావాన్ని బట్టి తీసుకోవాల్సిన నిర్ణయమని నా గట్టి నమ్మకం.

ముందు ఈ అయిదు విషయాలు తేల్చుకోండి

మొదటిది, ఏ తరగతిలో చేరాలి అన్నది. గురుకులాల్లో ప్రధాన ప్రవేశం అయిదో తరగతిలో. అంటే పరీక్ష నాలుగో తరగతి చదువుతుండగానే రాయాలి. నవోదయ, మోడల్ స్కూల్, సైనిక్ స్కూల్ ఆరో తరగతి నుంచి. కేంద్రీయ విద్యాలయంలో అసలు ప్రవేశం ఒకటో తరగతిలోనే; ఆ తర్వాత ఖాళీలుంటేనే సీటు.

రెండోది, మీరు ఉండే జిల్లా. నగరం ఒక్కటే అయినా జిల్లాలు వేరు. చిక్కడపల్లి హైదరాబాద్ జిల్లాలో ఉంది, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజ్‌గిరిలో, ఎల్బీనగర్ రంగారెడ్డిలో. ఆర్టీసీ బస్సులో అరగంట ప్రయాణమే కావచ్చు, సీటు విషయంలో మాత్రం ఈ తేడా చాలా పెద్దది.

మూడోది, ఆదాయం, కులం, తల్లిదండ్రుల ఉద్యోగం. నాలుగోది, హాస్టల్. తొమ్మిది, పదేళ్ల బిడ్డను పంపడానికి మీరు సిద్ధమా, వెళ్లడానికి బిడ్డ సిద్ధమా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. అయిదోది, పదో తరగతి తర్వాత ఏమిటన్నది. కొన్ని బడులు ఇంటర్ దాకా తీసుకెళ్తాయి, కొన్ని పదితో ఆగిపోతాయి.

వీటిలో ముఖ్యమైనవి పట్టికలో పెడితే ఇలా ఉంటుంది:

| బడి | చేరే తరగతి | ఎంపిక ఎలా | ముఖ్యమైన షరతు | ఇల్లా, హాస్టలా | ఖర్చు |
|---|---|---|---|---|---|
| రాష్ట్ర గురుకులాలు (ఎస్సీ, ఎస్టీ, బీసీ, సాధారణ) | 5 | ఉమ్మడి ప్రవేశ పరీక్ష, 100 మార్కులు | కుటుంబ వార్షికాదాయం పట్టణంలో 2 లక్షలు, గ్రామంలో 1.5 లక్షలు దాటకూడదు | హాస్టల్ | ఉచితం |
| జవహర్ నవోదయ | 6 | 80 ప్రశ్నలు, 100 మార్కులు | ఆ జిల్లాలోనే నివాసం, అదే జిల్లాలో అయిదో తరగతి | హాస్టల్ | 8 వరకు ఉచితం; 9 నుంచి కొందరికి నెలకు 600 |
| కేంద్రీయ విద్యాలయం | 1 | కేటగిరీల ప్రాధాన్యం, లాటరీ | ఆరేళ్లు నిండాలి. తల్లిదండ్రుల ఉద్యోగ వర్గం | ఇల్లు | విద్యాలయ వికాస్ నిధి నెలకు 500. 9 నుంచి అబ్బాయిలకు ట్యూషన్ ఫీజు |
| తెలంగాణ మోడల్ స్కూల్ | 6 | ప్రవేశ పరీక్ష, 100 మార్కులు | ఆదాయ పరిమితి లేదు | ఇల్లు. బాలికలకు కొన్ని హాస్టల్ సీట్లు | ఉచితం |
| సైనిక్ స్కూల్ | 6 | 300 మార్కుల పరీక్ష, వైద్య పరీక్ష | వయసు 10 నుంచి 12 | హాస్టల్ | ఏడాదికి లక్ష దాటుతుంది |
| దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాల | 6 | పరీక్ష లేదు | ఏమీ లేదు | ఇల్లు | ఉచితం |

చివరి వరుసను ఊరికే పెట్టలేదు. దాని గురించి కింద కాస్త వివరంగానే చెబుతాను.

రాష్ట్ర గురుకులాలు

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేలులో రెసిడెన్షియల్ పాఠశాల మొదలైంది. ప్రతిభ ఉన్న పేద పిల్లలను ఒకచోట చేర్చి చదివించాలన్న ఆ ఆలోచనే ఇవాళ్టి గురుకులాలకు మూలం. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ గురుకులాలకూ, సాధారణ గురుకులాలకూ అయిదో తరగతి ప్రవేశానికి ఒకే ఉమ్మడి పరీక్ష. మైనారిటీ గురుకులాలకు దరఖాస్తు వేరుగా పెట్టుకోవాలి. అక్కడ 75 శాతం సీట్లు మైనారిటీ పిల్లలకు, మిగతావి ఇతరులకు.

పరీక్ష రెండు గంటలు. తెలుగు 20, ఇంగ్లిష్ 25, గణితం 25, పరిసరాల విజ్ఞానం 20, మానసిక సామర్థ్యం 10 మార్కులు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది. ప్రశ్నలు నాలుగో తరగతి స్థాయివే. అందుకే బడి పుస్తకాలు శ్రద్ధగా చదివిన పిల్లలకు ఇందులో భయపడాల్సింది లేదు. మన పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది జ్ఞానం లేక కాదు, ఓఎంఆర్ షీటు (గుండ్రాలు దిద్ది జవాబు గుర్తించే కాగితం) అలవాటు లేక. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతి జవాబును దాని వరుసలో దిద్దేస్తే అక్కడి నుంచి అన్నీ తప్పే. ఇంట్లో తెల్లకాగితం మీద గుండ్రాలు గీసి నాలుగుసార్లు సాధన చేయించండి. ఖర్చేమీ లేదు.

నగరంలోని తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎస్సీ, బీసీ గురుకులాల్లో సీట్ల కేటాయింపుకు పాత ఉమ్మడి జిల్లాలే యూనిట్. ఉమ్మడి రంగారెడ్డి అంటే ఇబ్రహీంపట్నం నుంచి తాండూరు దాకా. ఇంటికి దగ్గర్లో వస్తుందనుకున్న సీటు వంద కిలోమీటర్ల దూరంలో రావచ్చు. పైగా కొన్ని గురుకులాలకు సొంత భవనాలు లేవు. పేరులో ఒక ఊరుంటుంది, అద్దె భవనం మరో ఊరిలో ఉంటుంది. ప్రాధాన్య క్రమం పెట్టేముందు ఆ బడి ఇప్పుడు నిజంగా ఎక్కడ నడుస్తోందో వెళ్లి చూడండి. వెళ్లినప్పుడు తరగతి గదుల కంటే ముందు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది చూడండి. ఎంతమంది పిల్లలకు ఎన్ని మరుగుదొడ్లు ఉన్నాయో అడగండి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు.

గురుకులాల్లో కలుషితాహారం గురించి 2024లో వచ్చిన వార్తలు చూసి చాలామంది తల్లులు భయపడ్డారు. ఆ భయం సహేతుకమే. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం డైట్ చార్జీలను, అంటే పిల్లల భోజనానికి ఇచ్చే డబ్బును, 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 రూపాయలున్నది 1,330 అయింది. ఎనిమిది నుంచి పది వరకు 1,100 ఉన్నది 1,540 అయింది. అన్ని వసతి గృహాలకూ ఒకే మెనూ తెచ్చారు. డబ్బు పెరిగింది కాబట్టి ప్రతి వంటగదీ బాగుపడిందని అనుకోలేం. అక్కడ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడితే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంతకీ గురుకులం బలం ఏమిటి? బిడ్డ బాధ్యతంతా ఒకేచోట ఉండటం. చదువు, తిండి, బట్టలు, పుస్తకాలు, ఆటలు, చాలాచోట్ల ఇంటర్ కూడా. తల్లిదండ్రులిద్దరూ కూలికి వెళ్లి రాత్రికి గానీ ఇల్లు చేరని కుటుంబాల్లో, ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇళ్లలో, చదువుకోవడానికి ఒక మూల, ఒక వేళ దొరకడమే ఆ బిడ్డకు పెద్ద మలుపు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులం విద్యార్థిని. అలాంటి అవకాశాలు ఇంటి పక్క బడిలో అరుదు.

గురుకులం అంటే బిడ్డ తొమ్మిదేళ్లకే ఇల్లు వదలడం. మిగతా హాస్టల్ బడుల కంటే ఏడాది ముందే. ఆ ఒక్క ఏడాది తేడా ఎంత ఉంటుందో నాలుగో తరగతి, అయిదో తరగతి పిల్లలను పక్కపక్కన చూసినవాళ్లకు తెలుస్తుంది.

జవహర్ నవోదయ

1986 జాతీయ విద్యావిధానంతో దేశమంతా విస్తరించిన బడులివి. జిల్లాకు ఒకటి, ఆరో తరగతిలో 80 సీట్లు, కేంద్ర సిలబస్, పన్నెండో తరగతి దాకా చదువు. ఉపాధ్యాయులు కూడా ఆ ఆవరణలోనే ఉంటారు. ప్రభుత్వ బడుల్లో అన్నిటికంటే గట్టి పోటీ ఉన్న పరీక్ష ఇదేనని చెప్పవచ్చు.

అయితే హైదరాబాద్ జిల్లాకు నవోదయ లేదు. ఉమ్మడి రాష్ట్రం నాటి పది తెలంగాణ జిల్లాల్లో తొమ్మిదింటికే వచ్చాయి. రంగారెడ్డి నవోదయ గచ్చిబౌలికి దగ్గర్లో గోపన్‌పల్లిలోనే ఉంది కాబట్టి నగరంలో ఎవరైనా రాయవచ్చనుకుంటారు. అలా కుదరదు. బిడ్డ ఆ జిల్లాలో నివాసం ఉండాలి, అయిదో తరగతి కూడా ఆ జిల్లాలోనే చదువుతుండాలి. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తెలంగాణకు మరో ఏడు నవోదయలు మంజూరు చేసింది: జగిత్యాల, నిజామాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, మేడ్చల్-మల్కాజ్‌గిరి, మహబూబ్‌నగర్, సంగారెడ్డి, సూర్యాపేట. నగరం చుట్టూ ఉన్న కుటుంబాలకు ఇందులో మేడ్చల్, సంగారెడ్డి ముఖ్యం. మీ మండలం పిల్లలు ఏ నవోదయకు రాయాలన్నది దరఖాస్తులో జిల్లా ఎంచుకునేచోటే తెలుస్తుంది.

రెండో షరతు ఇంకా కఠినం. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు. అంటే 80లో 60. మిగిలిన 20 సీట్లకు పట్టణ పిల్లలు, గ్రామీణ పిల్లలు కలిసి పోటీపడతారు. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదివి ఉండాలి. మధ్యలో కొద్ది రోజులు పట్టణ బడిలో చదివినా పట్టణ అభ్యర్థిగానే లెక్క. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఇది పెద్ద సమస్య. 2024లో అక్కడి 51 గ్రామ పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాయి. నిన్నటి దాకా గ్రామంగా ఉన్న మీ ఊరు ఇవాళ కాగితాల్లో పట్టణం అయి ఉండవచ్చు. బడి నుంచి బోనఫైడ్ (చదువు ధ్రువపత్రం) రాయించుకునేటప్పుడు ప్రధానోపాధ్యాయుడితో ఈ మాట తప్పక మాట్లాడండి.

మూడోది, నవోదయ ఆరో తరగతి పరీక్ష ఒక్కసారే. మళ్లీ రాస్తామంటే ఒప్పుకోరు.

పరీక్ష స్వరూపం కూడా గురుకులం పరీక్షకు భిన్నం. మానసిక సామర్థ్యానికి 40 ప్రశ్నలు, 50 మార్కులు; గణితానికి 20 ప్రశ్నలు, 25 మార్కులు; భాషకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. రెండు గంటల సమయం, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు, తెలుగులో రాయవచ్చు. సగం మార్కులు బొమ్మల ప్రశ్నలవే: వేరుగా ఉన్న బొమ్మ, అద్దంలో ప్రతిబింబం, కాగితం మడిచి రంధ్రం చేస్తే ఎలా కనబడుతుంది వంటివి. బడిలో ఇవి నేర్పరు కాబట్టి వెనకబడినట్టు కనిపించే పిల్లలు కూడా కొన్ని నెలల సాధనతో బాగా అందుకుంటారు. అంకగణితం బడి గణితమే. భిన్నాలు, శాతాలు, కసాగు, గసాభా, లాభనష్టాలు నమ్మకంగా వస్తే చాలు. భాషలో పేరా చదివి జవాబులు గుర్తించాలి. రోజూ దినపత్రికలో ఒక చిన్న వార్త చదివించి రెండు ప్రశ్నలు అడిగితే అంతకంటే మంచి సాధన లేదు.

నవోదయలో తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది పిల్లలు హిందీ ప్రాంతపు నవోదయలో ఒక ఏడాది చదివి వస్తారు. పద్నాలుగేళ్ల వయసులో వేరే భాష, వేరే తిండి మధ్య ఉండి రావడం చాలామంది పిల్లలను గట్టిపరుస్తుంది. కొందరిని కుంగదీస్తుంది కూడా. సీటు వచ్చాక తెలుసుకోవడం కంటే దరఖాస్తు పెట్టేముందే బిడ్డకు చెప్పడం న్యాయం.

ఇక్కడే గురుకులానికీ నవోదయకూ ఒక ముడి పడుతుంది. అయిదో తరగతికి గురుకులంలో చేర్చి, అక్కడి నుంచి నవోదయకు రాయిద్దామని చాలామంది అనుకుంటారు. గురుకులం మరో జిల్లాలో ఉంటే, మీ నివాస జిల్లా నవోదయకు అర్హత పోతుంది. గ్రామీణ కోటా కూడా దెబ్బతినవచ్చు. అలాంటి ఆలోచన ఉన్నవాళ్లు రెండింటిలో ఒకదాన్ని నాలుగో తరగతిలోనే ఎంచుకోక తప్పదు.

కేంద్రీయ విద్యాలయం

పికెట్, తిరుమలగిరి, ఉప్పల్, గోల్కొండ, గచ్చిబౌలి, కంచన్‌బాగ్... నగరంలో ఇన్ని కేంద్రీయ విద్యాలయాలున్నా ఇది ప్రవేశ పరీక్షతో గెలిచే పోటీ కాదు. ప్రాధాన్య క్రమం ఇలా ఉంటుంది: ముందు కేంద్ర ప్రభుత్వ, రక్షణ సిబ్బంది పిల్లలు, ఆ తర్వాత కేంద్ర సంస్థల వాళ్లు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, రాష్ట్ర సంస్థల వాళ్లు, చివర్లో మిగతా అందరూ. సాధారణ కుటుంబానికి ఉన్న మంచి అవకాశం ఒకటో తరగతిలో విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే 25 శాతం సీట్లు. అవి లాటరీలో వస్తాయి. ఎంపీల సిఫారసు కోటా 2022లో రద్దయింది. ఇంకా ఎవరైనా సిఫారసుతో సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగితే నమ్మకండి.

తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే పరీక్ష పెడతారు: హిందీ, ఇంగ్లిష్, గణితం, సైన్స్, సాంఘిక శాస్త్రం. హిందీ రాని పిల్లలకు అదే పెద్ద అడ్డంకి. బదిలీలు తప్పని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఈ బడిని మించింది లేదు. హైదరాబాద్‌లోనే స్థిరపడిన కుటుంబం మాత్రం ఒక సంగతి ఆలోచించుకోవాలి. తెలుగు బాగా చదవడం, రాయడం ఇక్కడ చాలావరకు ఇంట్లో నేర్పుకోవాల్సి వస్తుంది.

మోడల్ స్కూల్, సైనిక్ స్కూల్

ఈ రెండూ నగరవాసులకు కొంచెం పక్కదారులే, కాబట్టి క్లుప్తంగా. మోడల్ స్కూళ్లు 2013లో మొదలయ్యాయి. తెలంగాణలో 194 ఉన్నాయి. ఇంగ్లిష్ మాధ్యమం, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా. విద్యాపరంగా వెనకబడిన మండలాల కోసం పెట్టినవి కాబట్టి హైదరాబాద్ జిల్లాలో ఉండవు. నగరం వెలుపల మండలాల్లో ఉంటూ, బిడ్డను ఇంట్లోనే ఉంచి మంచి బడికి పంపాలనుకునేవాళ్లకు ఇవి నిజంగా మేలైనవి. పరీక్ష 100 మార్కులకు, నాలుగు సబ్జెక్టులకూ 25 చొప్పున.

సైనిక్ స్కూల్‌కు బిడ్డకు సైన్యం మీద నిజమైన ఇష్టం ఉంటేనే వెళ్లండి. పరీక్షలో సగం మార్కులు, అంటే 300లో 150, గణితానివే. తెలుగువారికి బాగా తెలిసిన కోరుకొండ, కలికిరి రెండూ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. డాక్టర్ చదువు కల ఉన్న ఇంట్లో ఇది ఇంకా లోతుగా ఆలోచించాలి. తెలంగాణలో వైద్య సీట్లకు స్థానిక అభ్యర్థిగా లెక్కలోకి రావాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదవాలన్న నిబంధన 2024లో వచ్చింది. దానికి కొన్ని మినహాయింపులున్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో చూసుకున్నాకే బిడ్డను సరిహద్దు దాటించండి. ఎస్సీ కుటుంబాల అబ్బాయిలకు కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సొసైటీ నడిపే సైనిక్ పాఠశాల ఉంది. ఫీజుల భారం లేకుండా అలాంటి శిక్షణే కావాలంటే ముందు దాన్ని చూడండి.

ఇంటి దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాల

పరీక్షల జాబితాలో లేనందుకు ఈ బడిని ఎవరూ ఎంపికగా లెక్కించరు. సీటు రాకపోతే పంపే చోటుగానే చూస్తారు. నాకు ఇది బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఈ బడిలో చదివితేనే దక్కే అవకాశాలు కొన్ని ఉన్నాయి, వాటి గురించి ఎవరూ చెప్పరు.

ఒకటి, ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకార వేతన పరీక్ష (ఎన్ఎంఎంఎస్). కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు ఇది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. నవోదయ, కేంద్రీయ విద్యాలయం, సైనిక్ స్కూల్, ప్రభుత్వ హాస్టల్ బడుల పిల్లలు దీనికి అనర్హులు.

రెండు, బాసర ఆర్జీయూకేటీ, అంటే ట్రిపుల్ ఐటీగా అందరూ పిలిచే విశ్వవిద్యాలయం. పదో తరగతి ఫలితాలతోనే ఆరేళ్ల ఇంజినీరింగ్ కోర్సులో సీటు. పదిలో గ్రేడ్ పాయింట్లున్న రోజుల్లో హాస్టల్ లేని ప్రభుత్వ బడుల పిల్లలకు 0.4 పాయింటు అదనంగా కలిపేవారు. పదో తరగతిలో మళ్లీ మార్కుల పద్ధతి వచ్చింది కాబట్టి ఆ ఏటి ప్రకటనలో ఈ లెక్క ఎలా ఉందో చూసుకోవాలి. సాయంత్రం ఎవరైనా పెద్దవాళ్లు ఇంట్లో ఉండి, బిడ్డను చదవమని కూర్చోబెట్టగలిగితే, చురుకైన పిల్లలకు ఇది ఏ విధంగానూ తక్కువ దారి కాదు.

ఎవరికి ఏది

తల్లిదండ్రులిద్దరూ రోజంతా పనికి వెళ్తూ, ఇంట్లో చదువు చూసేవాళ్లు లేకపోతే, ఆదాయ పరిమితిలో ఉంటే, గురుకులం పరీక్ష రాయించండి. రెండో ఆలోచన వద్దు. సీటు వచ్చాక పంపాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచించవచ్చు; పరీక్ష రాయకపోతే ఆ అవకాశమే ఉండదు.

ఆదాయం రెండు లక్షలు దాటి, ప్రైవేటు ఫీజులు కట్టలేని కుటుంబాలు నగరంలో లెక్కలేనన్ని. ఆటో నడిపేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు, ప్రైవేటు ఉద్యోగులు. గురుకులం వీళ్లకు అందదు. రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి జిల్లాల్లో ఉంటే నవోదయ వీళ్లకు మొదటి ఎంపిక కావాలి, ఎందుకంటే అక్కడ ఆదాయ పరిమితి లేదు. హైదరాబాద్ జిల్లాలో ఉంటే మాత్రం ఈ కుటుంబాలకు దారులు నిజంగా తక్కువ. నవోదయ కోసం ఇల్లు మార్చాలనుకుంటే మూడో తరగతి మొదలయ్యేలోపే మారాలి. అయిదో తరగతిలో మారితే పట్టణ అభ్యర్థిగానే 20 సీట్ల పోటీలో ఉంటారు. అంత శ్రమ పడి ఆ కొద్ది సీట్ల కోసం ఇల్లు మార్చడం నేను సిఫారసు చేయను. మంచి ప్రధానోపాధ్యాయుడున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలను వెతకడానికి అదే శ్రమ పెట్టండి.

ఇప్పటికీ రాత్రుళ్లు పక్క తడిపే బిడ్డ, తిండి విషయంలో బాగా మొండికేసే బిడ్డ, ఆస్తమా వంటి సమస్యతో రోజూ మందు వాడే బిడ్డ అయితే, తొమ్మిదేళ్లకు హాస్టల్ వద్దు. నవోదయ దాకా, లేదంటే ఎనిమిదో తరగతి దాకా ఆగవచ్చు. ఎనిమిదో తరగతి తర్వాత గౌలిదొడ్డిలాంటి సాంఘిక సంక్షేమ ప్రతిభా గురుకులాలు తొమ్మిదో తరగతికి వేరే పరీక్ష పెడతాయి. ఐఐటీ, నీట్ వైపు చూసే పిల్లలకు అవి మంచి అవకాశం, పైగా అప్పటికి బిడ్డకు తన కోరిక ఏమిటో తెలిసి ఉంటుంది.

కవలలో, ఒకే తరగతి చదివే అన్నదమ్ములో ఉంటే ఇద్దరికీ రాయించి, ఒకరికే సీటు వస్తే ఏం చేస్తారో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఫలితాల రోజు మాట్లాడుకుంటే రాని బిడ్డ మనసు విరిగిపోతుంది.

కోచింగ్ గురించి

నగరంలోనూ చుట్టుపక్కలా నవోదయ, సైనిక్, గురుకులం పేర్లతో కోచింగ్ హాస్టళ్లు ఉన్నాయి. తొమ్మిదేళ్ల బిడ్డను హాస్టల్ సీటు కోసం ముందే ఇంకో హాస్టల్లో పెట్టడం నాకు ససేమిరా నచ్చదు. సీటు వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. చేజారిన ఆ ఏడాది బాల్యం తిరిగి రాదు. అంతకంటే ముఖ్యంగా, కొన్ని కేంద్రాలు పిల్లలను బడి మాన్పించి హాజరు మాత్రం ఎక్కడో వేయిస్తాయి. నవోదయకు బడి, జిల్లా, తరగతి ధ్రువపత్రాలన్నీ తనిఖీ చేస్తారు. చదివిన చోటు ఒకటి, కాగితంలో ఒకటి అని తేలితే మంచి మార్కులు వచ్చినా సీటు పోతుంది. రోజుకు గంట, ఇంట్లోనే, పాత ప్రశ్నపత్రాలతో ఆరు నెలలు సాధన చేయించడం చాలు. చివరి నెలలో వారానికో పూర్తి పరీక్ష గడియారం పెట్టి రాయించండి.

కాగితాలు, తేదీలు

గురుకులం దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు నుంచి, పరీక్ష ఫిబ్రవరిలో. నవోదయ దరఖాస్తులు అంతకు చాలా ముందే, వర్షాకాలంలోనే మొదలవుతాయి, పరీక్ష చలికాలంలో. ఈ తేడా తెలియక అయిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు నవంబరులో వచ్చి అడుగుతుంటారు, అప్పటికే గడువు అయిపోయి ఉంటుంది. కేంద్రీయ విద్యాలయం ఒకటో తరగతి రిజిస్ట్రేషన్ వేసవి ముంగిట్లో.

మీసేవలో ఆదాయ, కుల ధ్రువపత్రాలకు అక్టోబరులోనే దరఖాస్తు చేయండి. బిడ్డ పేరు ఆధార్‌లో, బడి రికార్డులో, జనన ధ్రువపత్రంలో ఒకేలా ఉందో చూడండి. ఇంటిపేరు ముందా వెనకా, ఒక అక్షరం ఎక్కువా తక్కువా అన్నది సీటు వచ్చాక దిద్దించుకోవాలంటే రోజులు పడతాయి, చేరడానికి ఇచ్చే గడువేమో కొద్ది రోజులే.

మొదటి జాబితాలో పేరు లేకపోతే వెంటనే వేరే బడిలో టీసీ ఇచ్చి చేర్చేయకండి. గురుకులాల్లో చేరనివాళ్ల స్థానంలో తర్వాతి విడతల్లో పిలుస్తారు. నవోదయలోనూ వెయిటింగ్ లిస్టు నడుస్తుంది. జూన్, జులై దాకా దరఖాస్తులో ఇచ్చిన ఫోను నంబరు మార్చకండి, కొత్త నంబరు నుంచి వచ్చిన కాల్ అని వదిలేయకండి. ఆరు నుంచి తొమ్మిది తరగతుల్లో మిగిలిన గురుకుల సీట్లకు కూడా పరీక్ష ఉంటుంది, నవోదయలో తొమ్మిది, పదకొండు తరగతుల ఖాళీలకు వేరే ప్రకటన వస్తుంది. నాలుగో తరగతిలో రాయలేకపోయినవాళ్లు, రాసి సీటు రానివాళ్లు వాటి కోసం ప్రతి ఏడాదీ ఆయా వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.